ముందు నీళ్లు

ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మా అన్నయ్య చేసిన మొదటి పని, ఫోన్ తీసి నా ప్రాణం రేటు చూడడం.

అన్నయ్య బీమా ఆఫీసులో గుమాస్తా. ఏ పని చేసేవాళ్లు ఎంత తొందరగా పోతారో చెప్పే పట్టిక ఒకటి వాళ్ల దగ్గర ఉంటుంది. ఇంట్లో ఎవరు గట్టిగా తుమ్మినా దాన్ని తిరగేస్తాడు. ఆ సాయంత్రం వేలితో జరుపుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు.

"ఇదిగో, చమురు బావులు తవ్వేవాళ్లు. నీ పై వరసలో మందు పెట్టి కొండలు పేల్చేవాళ్లు. కింది వరసలో సర్కసులో తాడు మీద నడిచేవాళ్లు."

"మంచి ఇరుగుపొరుగే దొరికింది" అన్నాను.

"నవ్వులాటగా ఉందా నీకు? ఎనభై మంది మగవాళ్ల మధ్య నువ్వొక్కదానివి. ఇరవై ఎనిమిది రోజులు. చుట్టూ మనిషన్నవాడు కనబడని చోటు."

"మనిషన్నవాడు కనబడకపోతే ఆ ఎనభై మందీ ఎవరు?"

అన్నయ్య మొహం మాడ్చుకుని ఫారం అందుకున్నాడు. నాలుగు పేజీల ఫారం అది. నింపి సోమవారం సాయంత్రం అయిదులోపు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ఉద్యోగం జాబితాలో నా తర్వాత ఉన్నవాడికి వెళ్లిపోతుంది. అప్పటికి గురువారం.

అమ్మ కుట్టుమిషను ఆపలేదు. ఏదో బడికి యూనిఫారాలు కుడుతోంది, నలభై జేబులు ఒకటే వరస. "ఇరవై ఎనిమిది రోజులు అక్కడ, ఇరవై ఎనిమిది రోజులు ఇక్కడ. ఆ లెక్క నాకు చెప్పకండి" అంది తల ఎత్తకుండానే. "నా పెళ్లయి ముప్పై రెండేళ్లు. అందులో పద్నాలుగేళ్లు మీ నాన్న బావుల మీదే ఉన్నాడు. సగం కొట్టేస్తే నేను కాపురం చేసింది ఇరవై అయిదేళ్లు. మిగతా ఏడేళ్లు ఎక్కడికి పోయాయో ఎవర్నడగను?"

నాన్న ఒక్కడే ఏమీ అనలేదు. బల్ల దగ్గర కూర్చుని భోజనం చేస్తున్నాడు. కుడిచేతికి ఉంగరపు వేలు, చిటికెన వేలు లేవు కాబట్టి చెంచాతో తింటాడు. ఆయన మౌనం నాకు కొత్త కాదు. కానీ ఈ విషయంలో ఆయన నోటివెంట ఒక్క మాట వినాలని నాకు మహా కోరికగా ఉంది. ఎందుకంటే ఈ ఉద్యోగం నాకు తెచ్చిపెట్టింది ఆయనే. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"నాన్నా, అక్కడి ఫీల్డు మేనేజరు నిన్ను ఎరుగుదునన్నాడు" అన్నాను. "కుంటుతాడు పాపం. లేచి వస్తుంటే వెనక్కి పిలిచి, 'మీ నాన్నగారిని నా కాలు అడిగిందని చెప్పమ్మా' అన్నాడు. పాత స్నేహమా?"

నాన్న చెంచా కంచంలో పెట్టాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. కంచంలో సగం భోజనం అలాగే ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన భోజనం మధ్యలో లేవడం అదే మొదటిసారి. అమ్మ కుట్టుమిషను కూడా అప్పుడే ఆగింది.

*

నేను పనిచేసేది ఊళ్లో ఒక చిన్న ప్రయోగశాలలో. చమురు బావుల నుంచి మడ్ సీసాల్లో వస్తుంది, నేను పరీక్ష చేస్తాను. చమురువాళ్ల భాషలో మడ్ అంటే వట్టి బురద కాదు. నీళ్లలో మెత్తటి బంకమట్టి, దాంట్లో బరువైన రాతిపొడి కలిపి బావి నిండా నింపుతారు. నేలలోపలి నుంచి గ్యాసు పైకి తన్నుకొస్తూ ఉంటుంది. దాన్ని కింద తొక్కిపెట్టి ఉంచేది ఈ మడ్ బరువే. బరువు తగ్గిందా, గ్యాసు పైకి లేస్తుంది. అందుకే బావి దగ్గర ఒక మనిషి అరగంటకోసారి దాన్ని తూచి కాగితం మీద రాస్తూ ఉండాలి.

నా దగ్గరికి వచ్చే సీసా రెండు రోజుల పాతది. నేను తూచి అంకె వేసేసరికి ఆ మడ్ బావిలోనే ఉండదు. ఆరేళ్లుగా నేను చేస్తున్నది శవపరీక్ష. బతికున్నదాని నాడి పట్టుకోవాలని నాకు ఉంటుంది కదా. అక్కడ, టాంకు పక్కన నిలబడి, నేను అంకె చెబితే బావి ఆగాలి, నేను అంకె చెబితే బావి నడవాలి. ఆ ఉద్యోగానికి ప్రకటన పడిన రోజే అర్జీ పెట్టాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే పట్టిక తిరగేస్తారని తెలుసు.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. మొదటి ఇద్దరూ నేను చీకటికి భయపడతానా, పాములకి భయపడతానా, వేరే స్నానాలగది లేకపోతే ఏం చేస్తాను అని అడిగారు. "మీరేం చేస్తారో అదే చేస్తాను, తలుపుకి గడియ ఉంటే చాలు" అన్నాను. మూడో ఆయన ఏమీ అడగలేదు. చివర్లో లేచి, ఒక కాలు ఈడ్చుకుంటూ బీరువా దాకా వెళ్లి, మడ్ తూచే తక్కెడ తెచ్చి నా ముందు పెట్టాడు. పక్కన ఒక గ్లాసుడు మడ్. ఆయనే ఫీల్డు మేనేజరు.

"తూచు" అన్నాడు.

"నీళ్లు కావాలి" అన్నాను.

మొదటి ఆయన పాపం నాకు దాహమేస్తోందనుకుని తాగే నీళ్లు తెప్పించాడు. నేను ఆ నీళ్లు తక్కెడ గిన్నెలో పోసి, మూత పెట్టి, పైకి ఉబికింది తుడిచి, తూచాను. నీళ్లకి తక్కెడ సరిగ్గా ఒకటి చూపించాలి. సున్నా పాయింటు తొంభై ఎనిమిది చూపించింది. తక్కెడ చివర మర తిప్పి లోపలున్న సీసపు గుండ్లలో రెండు తీసి పక్కన పెట్టాను. మళ్లీ తూస్తే ఒకటి వచ్చింది. అప్పుడు మడ్ పోసి, నురగ పోయేదాకా గిన్నెని వేలితో తట్టి, తూచి చెప్పాను.

"ఒకటి పాయింటు ఇరవై ఎనిమిది. మీ తక్కెడ తప్పుగా ఉంది. సరిచేశాను."

"కావాలనే పెట్టాను" అన్నాడాయన. "పొద్దుట నుంచి పదకొండు మంది వచ్చారు. నీళ్లడిగింది నువ్వొక్కదానివే. ఎవరు నేర్పారు?"

"మా నాన్న. ఆయన మీ కంపెనీలోనే పనిచేశారు." గొప్పగా చెప్పాను. ఏ బావి మీద, ఏ సంవత్సరాలు, చేతికి దెబ్బ తగిలి ఎప్పుడు మానేసింది అన్నీ చెప్పాను.

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ తర్వాతే తన కాలి కబురు చెప్పి పంపాడు.

నాన్న నాకు తూయడం నేర్పింది నా తొమ్మిదో ఏట. కట్టుకట్టిన చేత్తో బావి నుంచి శాశ్వతంగా ఇంటికొచ్చేశాడు. ఆయన సంచిలో పారేసిన పాత తక్కెడ ఒకటి ఉంది. అదే నా బొమ్మ. ఏది తూచబోయినా "ముందు నీళ్లు" అనేవాడు. సబ్బునీళ్లు తూచాను, సిరా తూచాను, దగ్గుమందు తూచాను. ఒకరోజు పాలు తూచి పాలవాడి గాలి తీసేశాను. చిక్కటి పాలు ఒకటి పాయింటు సున్నా మూడు రావాలి, వాడివి ఒకటి పాయింటు సున్నా ఒకటి వచ్చాయి. వాడు నీళ్లు నమిలాడు. వీధి వీధంతా నన్ను 'తక్కెడ' అనడం మొదలుపెట్టింది. నాన్న ఇప్పటికీ అలాగే పిలుస్తాడు.

ఆయన వేళ్లు పోవడానికి కారణం కంపెనీవాళ్ల పాడు వాల్వు అని నాకు తెలుసు. బళ్లో ఒక పిల్ల "మీ నాన్న మొద్దు, వేళ్లు పోగొట్టుకున్నాడు" అంటే దాని జుట్టు పట్టుకుని పోట్లాడాను.

*

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి నాన్న దగ్గరికి వెళ్లాను.

ఆయన లారీలు తూచే వేబ్రిడ్జిలో పనిచేస్తాడు. రోడ్డు పక్కన ఇనుప పలక, దాని పక్కన అగ్గిపెట్టంత గది. గదిలో ఎర్ర అంకెల డబ్బా, ఒక పుస్తకం, ఒక కుర్చీ. లారీ పలక మీదికి ఎక్కగానే అంకెలు గంతులేస్తాయి. అవి కదలకుండా నిలిచేదాకా నాన్న పెన్ను ముట్టుకోడు. గాలి వీచినా ఆగుతాడు. డ్రైవర్లు ఆయన్ని తిట్టని రోజు లేదు.

నేను వెళ్లేసరికి కంకర లారీ ఒకటి పలక మీద ఉంది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏంటి పెద్దాయనా, ముహూర్తం చూస్తున్నావా? రాసెయ్, రోజూ వచ్చే బండేగా!" అని అరుస్తున్నాడు.

నాన్న గోడని చూసినట్టు అతన్ని చూశాడు. అంకెలు నిలిచాక రాసి చీటీ ఇచ్చాడు. లారీ వెళ్లాక నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

"ఆ కాలు ఏం అడిగిందో చెప్పు నాన్నా."

"ఇంటికెళ్లు తక్కెడా."

"వెళ్లను. లారీలన్నీ వెనక్కి వెళ్లి వేరే దారి చూసుకున్నా సరే, ఈ గుమ్మంలోంచి కదలను."

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని ఆయనకు తెలుసు. అది ఆయన దగ్గర నుంచి వచ్చింది కాదు, అమ్మ దగ్గర నుంచి వచ్చిందని కూడా తెలుసు. కుర్చీ నా వైపు జరిపి తను లేచి నిలబడ్డాడు. నేను కూర్చోలేదు. ఇద్దరం నిలబడే ఉన్నాం.

"మడ్ టాంకుల దగ్గర నా డ్యూటీ" అన్నాడు. "అరగంటకోసారి తూచి కాగితం మీద రాయాలి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఇరవై నాలుగు గళ్లు. ఆ బావిలో పదకొండు రోజుల పాటు ఒకటే అంకె. ఒకటి పాయింటు ముప్పై రెండు. ఎప్పుడు తూచినా అదే. పైన వాన. చేతులు కొయ్యబారిపోయేవి. అలాంటప్పుడు మేమొక పని చేసేవాళ్లం. పొద్దున్నే కూర్చుని, సాయంత్రం దాకా గళ్లన్నీ నింపేసేవాళ్లం."

"తూచకుండానా?"

"తూచకుండానే. దానికి మేం పెట్టుకున్న పేరు జాతకం. డ్యూటీ మారేటప్పుడు 'జాతకం రాశావా?' అని అడిగి నవ్వుకునేవాళ్లం. అందరూ రాసేవాళ్లు. నేనూ రాశాను."

బయట ఇంకో లారీ హారన్ కొట్టింది. నాన్న చెయ్యెత్తి ఆగమన్నాడు.

"ఆ రోజు నీళ్ల వాల్వు సరిగ్గా మూసుకోలేదు. సన్నగా నీళ్లు కారి టాంకులో కలుస్తూ వచ్చాయి. మడ్ పలచబడింది. ఒక్కసారి తూచినా తెలిసిపోయేది. మధ్యాహ్నం మూడూ పదికి గ్యాసు లేచింది. నా కాగితం మీద సాయంత్రం ఆరు గంటల బరువు కూడా రాసి ఉంది."

ఆయన గొంతు ఎక్కడా వణకలేదు. అందుకే నాకు మరీ భయమేసింది.

"బావిని మూసేశాం. ఎవరూ పోలేదు. వాల్వు గొలుసులో నా వేళ్లు పోయాయి. పైన పనిచేసే కుర్రాడొకడి కాలి మీద పైపు పడింది. ఇద్దరం పక్కపక్కనే బురదలో పడి ఉన్నాం. కాగితం నా జేబులోంచి జారి పడింది. అతను చూశాడు. నేను దాన్ని బురదలోకి తొక్కేశాను. అదీ చూశాడు. విచారణలో అడిగితే ఏమీ తెలియదన్నాడు."

"ఎందుకు?"

"ముందు రోజు నాకు ఒంట్లో బాగోలేకపోతే నా బదులు తనే కూర్చున్నాడు. అతనూ జాతకమే రాశాడు. నన్ను పట్టిస్తే తనూ దొరుకుతాడు. పాడు వాల్వు వల్ల జరిగిందని రిపోర్టు రాశారు. చెయ్యి పనికిరాదని నేను రాజీనామా ఇచ్చి వచ్చేశాను."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఒళ్లంతా మండిపోయింది. పద్దెనిమిదేళ్లు ఆయన తరఫున ఊరంతటితో పోట్లాడాను. ఇంటర్వ్యూలో ఛాతీ విరుచుకుని ఆయన గురించి చెప్పాను. ఆ కుంటి మనిషి ముందు నేనెంత వెర్రిదానిలా కనబడి ఉంటాను!

"నన్ను అడ్డంపెట్టుకుని ప్రాయశ్చిత్తం చేసుకున్నావన్నమాట" అన్నాను. "ముందు నీళ్లు, ముందు నీళ్లు అని తొమ్మిదేళ్ల పిల్ల చేత తూయించావు."

"అవును" అన్నాడు నాన్న. "అందుకే నువ్వు అక్కడికి వెళ్లొద్దంటున్నాను. నువ్వు రాసే ప్రతి అంకె దగ్గరా అతనికి నేను గుర్తొస్తాను. నా కూతురని నిన్ను రెండుసార్లు అనుమానిస్తాడు. నా తప్పుకి నువ్వెందుకు తలొంచుకోవాలి?"

"తలొంచుకునేదాన్ని నేను కాదు" అనేసి వచ్చేశాను. నా వెనక లారీ పలక మీదికి ఎక్కిన చప్పుడు వినబడింది. అంత గొడవలోనూ ఆయన అంకెలు నిలిచేదాకా ఆగే ఉంటాడు.

*

శనివారమంతా కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. అన్నయ్యకీ అమ్మకీ విషయం చెప్పేశాను. అన్నయ్య నోరు తెరిచి చాలాసేపు మూయడం మర్చిపోయాడు. అమ్మ మాత్రం సూదిలో దారం ఎక్కిస్తూ, "నాకు తెలుసు" అంది.

"నాన్న చెప్పాడా?"

"ఎందుకు చెబుతాడు? పద్దెనిమిదేళ్లుగా నిద్రలో ఒకటే అంకె కలవరిస్తుంటే విననట్టు ఉండడానికి నేనేమైనా చెవిటిదాన్నా? ఒకటి పాయింటు ముప్పై రెండు, ఒకటి పాయింటు ముప్పై రెండు. మొదట్లో ఎవరిదైనా ఇంటి నంబరేమోననుకుని అనుమానపడ్డాను కూడా. ఆ బావి మీద పనిచేసినాయన పెళ్లాం ఒకసారి కనబడితే మెల్లిగా కూపీ లాగాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే నిద్ర కూడా పోయేది కాదు" అంది అమ్మ.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు వెళ్లాలనిపించలేదు. తూచేవాడి కూతుర్ని, తూచే వంశం నాది అనుకుని బయల్దేరాను. కాళ్ల కింద పలక లాగేసినట్టయింది. నా చెయ్యి మాత్రం నమ్మకమైనదని ఏమిటి? పదకొండు రోజులు వానలో ఒకటే అంకె వస్తే, పన్నెండో రోజు నేను తూస్తానా? ఎనభై మంది 'జాతకం రాశావా?' అని నవ్వుతుంటే నేనూ నవ్వనా?

అటక మీంచి పాత తక్కెడ దింపాను. దుమ్ము తుడిచి, గిన్నెలో కుళాయి నీళ్లు పోసి, మూత పెట్టి తూచాను. కడ్డీ మీది గాజుగొట్టంలో బుడగ మధ్యలోకి వచ్చి ఆగింది. అంకె ఒకటి. ఇన్నేళ్లు అటక మీద పడి ఉన్నా వెంట్రుకవాసి కూడా మారలేదు. ఇంకోసారి తూచాను. ఒకటి. చిన్నపిల్లలా అరగంటకోసారి వంటింట్లోకి వెళ్లి తూస్తూ పోయాను. అమ్మ ఏమీ అనకుండా గిన్నెలు జరిపి చోటిచ్చింది. సాయంత్రానికి పన్నెండుసార్లు తూచాను. పన్నెండుసార్లూ ఒకటే వచ్చింది, పన్నెండోసారి కూడా ఏం వస్తుందో చూడాలనే ఉంది. అప్పుడు తెలిసింది, నేను వెళ్తున్నానని. నాన్న మంచివాడని కాదు, చెడ్డవాడనీ కాదు. ఆ తక్కెడ ముందు నిలబడితే నాకు విసుగు రాదు, అందుకు.

ఆదివారం పొద్దున అందరి ముందూ ఫారం పరిచి నింపడం మొదలుపెట్టాను. పేరు, చదువు, రక్తం రకం అన్నీ అయిపోయాయి. నాలుగో పేజీలో ఒక గడి దగ్గర పెన్ను ఆగింది. 'ఈ సంస్థలో ఇంతకుముందు పనిచేసిన బంధువులు. మానేసిన కారణం.'

"లేరు అని రాసెయ్" అన్నాడు అన్నయ్య వెంటనే. "పద్దెనిమిదేళ్ల నాటి మాట, ఎవడు తవ్వుతాడు?"

"తవ్వడమే వాళ్ల పనన్నయ్యా."

"పోనీ, ఆరోగ్య కారణాలు అని రాయి. అది అబద్ధం కాదుగా, వేళ్లు పోయాయిగా. మా ఆఫీసులో అందరూ అదే రాస్తారు."

"అందరూ రాస్తారు" అన్నాను. "అందరూ రాస్తే దాని పేరేమిటో మొన్న తెలుసుకున్నాను. ఉద్యోగంలో చేరకముందే జాతకం రాయమంటావా? తూచకుండా నేను ఒక్క గడి కూడా నింపను. ఇది ఖాళీగా ఉంటే ఖాళీగానే ఇస్తాను, ఉద్యోగం పోతే పోతుంది."

"ఖాళీగా ఇస్తే తీసుకోరు!" అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. "నీ మంచికోసం చెబుతుంటే..."

"పెన్ను ఇలా ఇవ్వు."

అన్నది నాన్న. అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఉన్న మూడు వేళ్లతో పెన్ను పట్టుకుని, గడిలోకి వంగి, మెల్లగా రాశాడు. చిన్నపిల్లలు రాసినట్టు ఒక్కో అక్షరం విడివిడిగా ఉంది.

'తండ్రి. బరువు తూచకుండా అంకెలు రాశాను. ఒక మనిషి కాలు నలిగింది. అందుకు మానేశాను.'

కింద సంతకం పెట్టి తేదీ వేశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను, వేళ్లు లేని వైపు. నాన్న విదిలించుకోలేదు.

అమ్మ ఫారం తీసుకుని వెలుతురులో పెట్టి చదివింది. "చేతిరాత ఏమీ బాగుపడలేదు" అని కళ్లు తుడుచుకుంది.

*

సోమవారం నాలుగున్నరకి ఫీల్డు మేనేజరు గదిలో ఉన్నాను. గోడ మీద బావుల పటం, మూలన బురద బూట్లు, బల్ల మీద ఇనుప పైపు ముక్క ఒకటి కాగితాల మీద బరువుగా. ఆయన మొదటి మూడు పేజీలు చకచకా తిప్పాడు. నాలుగోది చదివి కళ్లజోడు తీశాడు. తుడిచి పెట్టుకుని మళ్లీ చదివాడు.

"ఇది పై ఆఫీసుకి వెళ్తుంది. తెలుసా?"

"తెలిసే తెచ్చాను."

"పాత విచారణ బయటికి తీస్తారు. ఎవరు చూశారు, ఎవరు చెప్పలేదు అని అడుగుతారు." సొరుగు లాగి ఖాళీ ఫారం ఒకటి తీసి నా ముందుకు తోశాడు. "ఇందులో నాలుగో పేజీ మార్చి రాసివ్వు. 'లేరు' అని ఒక్క మాట. అయిదు నిమిషాల పని. బుధవారం పొద్దున ఆరింటికి వ్యాన్ బయల్దేరుతుంది, నువ్వందులో ఉంటావు. ఇది ఇలాగే ఇస్తే ఏమవుతుందో నేను చెప్పలేను. నీకూ, నాకూ."

ఉన్నమాట చెబుతున్నాను, ఆ వ్యాన్, ఆ టాంకు, ఆ తక్కెడ అన్నీ నాకు కావాలి. అయిదు నిమిషాల పని. ఎవరికీ నష్టం లేదు. బహుశా ఆ బురదలో కూడా వాళ్లిద్దరికీ ఇలాగే అనిపించి ఉంటుంది.

ఖాళీ ఫారం ఆయన వైపే తోసేశాను.

"మా నాన్న పద్దెనిమిదేళ్లకి తూచి రాసిన వాక్యం సార్ అది. దాన్ని నేను కొట్టెయ్యను. కొట్టెయ్యాలంటే మీ చేత్తో మీరు కొట్టెయ్యండి. నేను ఇక్కడే నిలబడి చూస్తాను. నాకు ఉద్యోగం ఇవ్వకపోతే పోనివ్వండి, కానీ కాగితం మార్చినందుకు ఇస్తే మాత్రం నాకొద్దు. రేపు మీ బావి దగ్గర నేను ఒక అంకె చెబితే దాన్ని మీరెలా నమ్ముతారు?"

ఆయన పెన్ను తీసుకున్నాడు. నాన్న రాసిన గడి మీద దాని మొన ఆనించి పట్టుకున్నాడు. గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. నేను కళ్లు తిప్పుకోలేదు. నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయని తెలుసు, ఆయనకు కనబడుతున్నాయనీ తెలుసు. కనబడనీ అనుకున్నాను.

పెన్ను పక్కన పెట్టి ఆయన స్టాంపు అందుకున్నాడు. 'స్వీకరించబడినది' అని ఫారం మీద గట్టిగా గుద్దాడు. తేదీ వేసి, పై ఆఫీసుకి వెళ్లే ట్రేలో పడేశాడు.

తర్వాత నేనే అడిగాను. "మీ కాలు ఇంకా అడుగుతోందా సార్?"

"వానాకాలంలో అడుగుతుంది" అన్నాడు. "నన్ను కూడా అడుగుతుంది. మీ నాన్న ఒక్కడినే కాదు." పుస్తకం తెరిచి సామాన్ల పేజీ తీశాడు. "సరే, డ్యూటీ బట్టలు మగవాళ్ల కొలతలే ఉన్నాయి."

"ఇవ్వండి. అమ్మ కత్తిరించి కుట్టేస్తుంది."

"హెల్మెట్ అందరికీ ఒకటే. బూట్లు..." తల ఎత్తకుండానే పెన్ను కదిలించాడు. "ఏడో నంబరు రాసేస్తున్నాను. ఎవరికైనా కాస్త అటూ ఇటూగా సరిపోతుంది."

నేను చెప్పు విడిచి, కాలు బల్ల ముందుకు చాపాను.

"కొలిచి రాయండి" అన్నాను.